పొన్నెకల్లులో ఏకిన దూది

రాక్ వాళ్ళు హిప్‌హాప్‌కి ఏమిచ్చారు అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఒక వీడియో. 1986లో వచ్చిన 'వాక్ దిస్ వే'. గోడకి ఒక పక్క ఏరోస్మిత్ గిటార్లతో హోరెత్తిస్తుంటుంది. ఇంకో పక్క రన్ డీఎంసీ కుర్రాళ్ళకి ఆ గోల భరించలేకుండా ఉంటుంది. చివరికి స్టీవెన్ టైలర్ మైకు స్టాండుతో గోడకి కన్నం పెట్టి అవతలికి తొంగిచూస్తాడు. పెద్ద రాక్ బ్యాండు దయతలిచి చిన్న ర్యాపర్లకి దారి తెరిచిందనేది ఈ వీడియో చెప్పే కథ. హిప్‌హాప్ చరిత్ర గురించి రాసేవాళ్ళలో కూడా చాలామంది ఈ కథే చెప్తారు.

నాకు ఈ కథ ఎప్పుడూ మింగుడుపడలేదు. రన్ డీఎంసీ చేసిన పాట బిల్‌బోర్డ్ పట్టికలో 4వ స్థానానికి వెళ్ళింది. పదేళ్ళ ముందు ఏరోస్మిత్ సొంత పాట 10 దగ్గరే ఆగిపోయింది. పైగా 1986 నాటికి ఏరోస్మిత్ చేతిలో హిట్లే లేవు. ఆ బ్యాండు మళ్ళీ లేచి నిలబడింది ఈ పాట తర్వాతే. మరి కన్నంలోంచి ఎవరు ఎవర్ని బయటికి లాగినట్టు?

అసలు సంగతి అంతకుముందే బ్రాంక్స్‌లో జరిగిపోయింది. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూలోని ఒక అపార్ట్‌మెంట్ బిల్డింగులో డీజే కూల్ హెర్క్ పార్టీ పెట్టాడు. హిప్‌హాప్ పుట్టినరోజు అదే అంటారు. పాటంతా అయ్యేదాకా జనం ఆగరనీ, డ్రమ్ము ఒంటరిగా మోగే ఆ కాసేపటి కోసమే కాచుక్కూర్చుంటారనీ హెర్క్ కనిపెట్టాడు. ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ళ మీద పెట్టి, ఆ ముక్కనే అటూ ఇటూ మార్చి మార్చి మోగించాడు. ఆ ముక్క పేరే బ్రేక్. అది ఫంక్ పాటలో ఉందా, రాక్ పాటలో ఉందా అని ఎవరూ చూడలేదు. 'వాక్ దిస్ వే' మొదట్లో వచ్చే డ్రమ్ము కూడా అలాగే బ్రాంక్స్, క్వీన్స్ డీజేల చేతికి వచ్చింది. రన్ డీఎంసీ వాళ్ళకి ఆ బ్యాండు పేరే సరిగ్గా తెలీదు. ఆల్బమ్ అట్ట మీద ఉన్న 'టాయ్స్ ఇన్ ది ఆటిక్' అన్న మాటతోనే ఆ రికార్డుని గుర్తుపట్టేవాళ్ళు. గాయకుడు నోరు తెరిచేలోపే సూది వెనక్కి వెళ్ళిపోయేది మరి!

దీన్ని 'ప్రభావం' అనడానికి నాకు మనసొప్పదు. ప్రభావం అంటే పైనుంచి కిందకి కారేదేదో అన్నట్టు ఉంటుంది. ఇక్కడ జరిగింది ఏరుకోవడం. మా గుంటూరు వైపు దీనికి ఇంకా మంచి మాట ఉంది: ఏకడం. పత్తి పండే నేల కాబట్టి దూదేకులవాళ్ళు ఊరూరా ఉండేవాళ్ళు. విల్లు నారి మీద కొడుతుంటే దూది విచ్చుకుని పైకి లేస్తుంది, నలుసూ చెత్తా కిందకి రాలిపోతాయి. హెర్క్ రికార్డుల్ని ఏకాడు.

ఈ మాట ఊరికే అనడం లేదు. గుంటూరు జిల్లా తాడికొండ దగ్గర పొన్నెకల్లులో 1920లో ఒక పింజారి కుటుంబంలో షేక్ నాజర్ పుట్టాడు. తర్వాత అంగడాల వెంకటరమణమూర్తికి చెప్పి రాయించిన ఆత్మకథకి పెట్టిన పేరు కూడా 'పింజారి'యే. తక్కువచేసి పిలవడానికి జనం వాడిన మాటని తీసుకుని అట్ట మీద అచ్చు వేయించుకున్నాడు. అమెరికా ర్యాపర్లు తిట్టుమాటల్ని బిరుదులుగా తగిలించుకోవడం గురించి పుస్తకాలకి పుస్తకాలు వచ్చాయి. మన దగ్గర ఆ పని ఒక బుర్రకథ కళాకారుడు చేశాడు.

నాజర్ చేతికి వచ్చేనాటికి బుర్రకథ ఇంకా కొత్తది. దాని వెనక ఉన్నది జంగం కథ, ఊళ్ళు తిరిగి పాడుకునే జంగాల విద్య. 1940ల్లో కమ్యూనిస్టులు దాన్ని తీసుకుని, కొత్త కథలు ఎక్కించి, దళాలు కట్టి ఊళ్ళ మీదకి పంపారు. 1943లో ప్రజానాట్యమండలి వచ్చాక ఆ జోరు ఇంకా పెరిగింది. నాజర్ అప్పటికే శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నాడు, నాటకాల్లో ఆడవేషాలు కట్టాడు. ఆ రోజుల్లో మా వైపు రాక్‌స్టార్లు ఎవరంటే పద్యనాటకం నటులే. గుంటూరు దగ్గర సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్య కృష్ణుడి వేషంలో స్టేజీ మీదకి వస్తే వన్స్‌మోర్‌లతో పందిరి దద్దరిల్లేది. హార్మోనియం ఎత్తుకోగానే జనం సర్దుకుని కూర్చునేవాళ్ళు. నాజర్ ఆ నాటకంలోంచి అభినయాన్ని తీసుకున్నాడు, గొంతు మార్చి పాత్ర మారడాన్ని తీసుకున్నాడు. కిరీటాన్నీ, తెరనీ, నిమిషాల తరబడి సాగే రాగాన్నీ వదిలేశాడు. ఏకాడన్నమాట.

బుర్రకథ దళాన్ని ఒకసారి హిప్‌హాప్ కళ్ళతో చూడండి. మధ్యలో కథకుడు, భుజాన తంబురా, వేళ్ళకి అందెలు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకడు హాస్యం, ఇంకొకడు రాజకీయం. కథ పల్నాటి యుద్ధం గురించే కావచ్చు, రాజకీయ వంత మాత్రం మధ్యలో అడ్డం పడి ఈనాటి సంగతి ఎత్తుతాడు. ఎంసీ పక్కన మాట అందించే హైప్‌మ్యాన్ చేసేది ఈ పనే. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం 'ది మెసేజ్'తో పేటల బతుకుని పాటలో పెట్టినప్పుడు అమెరికాకి అది కొత్త. మనవాళ్ళు బెంగాల్ కరువుని గుమ్మెట మీద చెప్పి అప్పటికి దాదాపు నలభై ఏళ్ళు. ఆ చెప్పినందుకు ఫలితం కూడా అనుభవించారు. మద్రాసు ప్రభుత్వం బుర్రకథల మీద నిషేధం పెట్టింది, సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మాభూమి' నాటకాన్నీ ఆపేసింది.

అదే పొన్నెకల్లులో 1936లో ఇంకొకాయన పుట్టాడు. కొమ్మినేని అప్పారావు. సినిమాల్లో సంగీత దర్శకుడు చక్రవర్తి ఆయనే. 1970ల చివర్లో తెలుగు సినిమా పాటలోకి డ్రమ్స్, గిటార్, డిస్కో ఊపు పోటెత్తాయి. ఆ పోటులో పెద్ద చెయ్యి ఈయనది. 'యమగోల', 'వేటగాడు' పాటలు విన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన టి. కృష్ణ 1983లో 'నేటి భారతం' తీసినప్పుడు సంగీతం చక్రవర్తిది, శ్రీశ్రీ పాట రాశాడు. వీధిలో గుమ్మెట మీద పుట్టిన కోపం, పడమటి నుంచి వచ్చిన వాయిద్యాలు ఒకే థియేటర్లో కలిశాయి. ఒక ఊరి నుంచి ఇద్దరు, ఒకరు జంగం కథని ఏకితే ఇంకొకరు పాశ్చాత్య సంగీతాన్ని ఏకారు. మా చుట్టుపక్కల పిల్లలకి ర్యాప్ తెలిసేనాటికి వాళ్ళ చెవులు ఈ ఇద్దరి చేతుల్లో తయారై ఉన్నాయని నా నమ్మకం.

ఆ ర్యాప్ మన దాకా వచ్చిన దారి కూడా రాక్ మీదుగానే. 1981లో క్వీన్, డేవిడ్ బౌయీ కలిసి 'అండర్ ప్రెషర్' పాడారు. ఆ బేస్ గిటార్ వరసని 1990లో వనిల్లా ఐస్ 'ఐస్ ఐస్ బేబీ'లో పెట్టుకున్నాడు. దాన్ని చూసి 1992లో బాబా సెహగల్ 'ఠండా ఠండా పానీ' చేశాడు. అదే బాబా సెహగల్ 2008లో 'జల్సా' టైటిల్ పాట పాడాడు. పంచ్‌గనిలో చదువుకున్న పార్సీ కుర్రాడు ఫ్రెడ్డీ మెర్క్యురీ బ్యాండు మోగించిన వరసకి, మిర్చి యార్డు రోడ్డు మీద ఆటోలో మోగిన పాటకి మధ్య ఎన్ని చేతులు మారాయో లెక్కేసుకోండి.

ఇన్ని చేతులు మారినప్పుడు అప్పు ఎవరిది? బీస్టీ బాయ్స్ 1986 ఆల్బమ్‌లో మొదటి పాట డ్రమ్ము లెడ్ జెపెలిన్‌ది, 'వెన్ ది లెవీ బ్రేక్స్' నుంచి తీసింది. ర్యాప్ ఆల్బమ్‌లలో బిల్‌బోర్డ్ మొదటి స్థానానికి చేరిన తొలి ఆల్బమ్ అదే. అయితే జెపెలిన్ పాట కూడా సొంతం కాదు. 1929లో మెంఫిస్ మిన్నీ, కాన్సాస్ జో మెకాయ్ అనే నల్లజాతి గాయకులు రికార్డు చేసిన బ్లూస్ అది. 1927లో మిసిసిపీ నది కట్టలు తెగి పత్తి పొలాలన్నీ మునిగిన వరద మీద కట్టిన పాట. అంటే రాక్ నుంచి ర్యాప్ తెచ్చుకున్నదాంట్లో చాలా భాగం పత్తి చేలల్లో పనిచేసినవాళ్ళ పాట. మనవడు తాత సొమ్ముని బయటివాడి ఇంట్లోంచి వెనక్కి తెచ్చుకోవడం లాంటిది. దానికి మధ్యవాడు దయతలిచాడని చెప్పడమే నాకు ఒళ్ళు మండిస్తుంది.

మధ్యవాళ్ళందర్నీ ఒకే గాటన కట్టడం కూడా న్యాయం కాదు. 1981లో ద క్లాష్ న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ దగ్గర బాండ్స్‌లో వరసగా కచేరీలు చేస్తూ, గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందాన్ని తమకంటే ముందు స్టేజీ ఎక్కించింది. రాక్ అభిమానులు ఆ బృందాన్ని గేలి చేసి కప్పులు విసిరారు. క్లాష్ వాళ్ళు తమ అభిమానుల్నే నిలదీశారు. పంక్ బ్యాండు నుంచి వచ్చిన రిక్ రూబిన్ లేకపోతే 'వాక్ దిస్ వే' ఆలోచనే లేదు. వీళ్ళు చేసింది పక్కన నిలబడటం. దాన్ని దానంగా మార్చింది తర్వాత చరిత్ర రాసినవాళ్ళు.

1991లో బిజ్ మార్కీ కేసులో న్యూయార్క్ కోర్టు, అనుమతి లేకుండా పాట ముక్క వాడటం దొంగతనమే అంది. అప్పట్నుంచి శాంప్లింగ్‌కి ముందు లైసెన్సు తీసుకోవాల్సి వచ్చింది. పాత బాకీలకి మాత్రం కోర్టు ఉండదు. మెంఫిస్ మిన్నీ పేరు జెపెలిన్ పాట కింద కనిపిస్తుంది. నాజర్‌కి 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయనకంటే ముందు ఆ గుమ్మెట మోసిన జంగం కుటుంబాలు ఏ టైటిల్ కార్డు మీదా లేవు. ఏకేవాడి పేరు నిలిచింది, పత్తి పండించినవాడి పేరు పోయింది.

ఇవాళ హైదరాబాద్‌లో రోల్ రైడా లాంటివాళ్ళు తెలుగులో ర్యాప్ చేస్తున్నారు. శివరాత్రికి కోటప్పకొండ వెళ్తే కరెంటు ప్రభల మీద స్పీకర్లు పోటీలు పడుతుంటాయి, హెర్క్ సౌండ్ సిస్టమ్ వాటి ముందు చిన్నబోతుంది. రేపు పేట నుంచో అద్దంకి నుంచో ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని బ్రేక్ వెతుక్కుంటే న్యూయార్క్ దాకా పోనక్కర్లేదు. 1954లో వచ్చిన 'అగ్గిరాముడు'లో నాజర్ దళం చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ ఉంది. గుమ్మెట విడిగా మోగే చోటు చూసి కోసుకోవచ్చు. కోసుకున్నాక క్రెడిట్ మాత్రం పూర్తిగా రాయాలి: గుమ్మెట, జంగాలది, కథ, పొన్నెకల్లు పింజారిది.