మరో భూమి కోసం అన్వేషణ: ‘నివాసయోగ్య మండలం’ అంటే ఏమిటి?

‘మరో భూమి దొరికింది’ అనే వార్త ఏడాదికి ఒకటి రెండు సార్లయినా పత్రికలలో కనిపిస్తూ ఉంటుంది. చదివిన పిల్లలు మరునాడు బడికి వచ్చి, అక్కడికి ఎప్పుడు వెళ్ళవచ్చునని అడుగుతారు. అటువంటి వార్తలలో తరచుగా వచ్చే మాట ‘నివాసయోగ్య మండలం’. గ్రహంపై తగిన గాలి ఉన్న పక్షంలో, నక్షత్రానికి ఎంత దూరాన నీరు ద్రవరూపంలో నిలువగలదో ఆ దూరపు హద్దులకే ఆ పేరు. అక్కడ నీరున్నదని గాని, గాలి ఉన్నదని గాని ఆ మాట చెప్పదు. పొరపాటంతా ఇక్కడే జరుగుతున్నది.

గ్రహాలు పుట్టే విధానం తెలిస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. వాయువు, ధూళి నిండిన మేఘం స్వీయ గురుత్వాకర్షణ వలన కుంచించుకొని నడుమ నక్షత్రమవుతుంది. మిగిలిన పదార్థం దాని చుట్టూ పళ్ళెం వలె పరచుకొని తిరుగుతుంది. 1969లో మెక్సికో దేశంలోని అయెండే వద్ద పడిన ఉల్కలోని తెల్లని కణికల వయస్సు సుమారు 456 కోట్ల సంవత్సరాలని తేలింది. మన సూర్యుని పళ్ళెంలో మొదట గడ్డకట్టిన పదార్థం అదేనన్నమాట. 2014లో చిలీ దేశపు అటకామా ఎడారిలోని ఆల్మా రేడియో దూరదర్శినులు, 450 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న హెచ్.ఎల్. టారి అనే నక్షత్రం చుట్టూ ఇటువంటి పళ్ళాన్నే చిత్రించాయి. అందులోని చీకటి వలయాలు, ఎదుగుతున్న గ్రహాలు ఊడ్చుకొంటూ పోయిన దారులు కావచ్చునని భావిస్తున్నారు.

ధూళికణాలు ఒకదానికొకటి అంటుకొని గులకరాళ్ళంత అవుతాయి. ఆ తరువాతి మెట్టు కష్టమైనది. వేగంగా ఢీకొన్న రాళ్ళు అతుక్కోవడం కన్న పగలడమే సులువు. గులకరాళ్ళు గుంపులుగా చేరి, ఆ గుంపు తన ఆకర్షణకే లోనై ఒక్కసారిగా పెద్ద బండగా మారుతుందని నేటి సిద్ధాంతం. వాదోపవాదాలు ఇంకా ముగియలేదు.

నక్షత్రానికి కొంత దూరాన నీరు మంచుగా గడ్డకట్టే హద్దు ఉంటుంది. దానిని హిమరేఖ అంటారు. దానికి ఆవల రాయితోపాటు మంచు కూడా దొరకడం వలన గురుగ్రహం, శని త్వరగా పెరిగి, వాయువు చెదరిపోకముందే దానిని తమవైపు లాగుకొన్నవి. ఇవతల ఉన్న భూమి రాతి ముక్కల తాకిడులతో, కోట్ల సంవత్సరాలపాటు నెమ్మదిగా ఎదిగింది. మన బావులలోని నీటిలో కొంత భాగమైనా దూరపు శకలాల నుండి వచ్చి చేరినదేనని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కనుక దూరం కుదిరితే చాలదు. నీరు అందాలి, గాలి నిలవాలి. ఆ గాలి కూడా మితంగా ఉండాలి: పరిమాణంలో భూమికి దాదాపు సమానమైన శుక్రునిపై దట్టమైన కార్బన్ డై ఆక్సైడ్ వలన వేడి 460 డిగ్రీలు దాటుతుంది.

సూర్యుని వంటి మరొక నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని తొలిసారి 1995లో స్విట్జర్లాండుకు చెందిన మిషెల్ మేయర్, డిడియే క్వెలోజ్ కనుగొన్నారు. వారికి 2019లో నోబెల్ బహుమతి లభించింది. గ్రహం లాగినప్పుడు నక్షత్రం కొద్దిగా ఊగుతుంది. ఆ ఊపును వారు కొలిచారు. భూమి వలన సూర్యునికి కలిగే ఊపు సెకనుకు 9 సెంటీమీటర్లు మాత్రమే. పాకే పసిబిడ్డ ఇంతకన్న వేగంగా పోతుంది!

రెండవ పద్ధతి, గ్రహం అడ్డువచ్చినప్పుడు నక్షత్రకాంతి తగ్గడాన్ని పట్టుకోవడం. దీనికి దగ్గరి పద్ధతి మన పొరుగునే సాగింది. తమిళనాడు జవ్వాది కొండలలోని కావలూరు వేధశాలలో 1977 మార్చి 10న, యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డువచ్చే వేళ ఆ కాంతి ముందుగానే తగ్గడం నమోదయింది. ఆ రోజే వివిధ చోట్ల జరిగిన పరిశీలనల వలన యురేనస్ వలయాలు బయటపడ్డాయి. 2009 నుండి 2018 వరకు పనిచేసిన కెప్లర్ దూరదర్శిని ఇటువంటి కాంతి తగ్గుదలతోనే 2,600కు పైగా గ్రహాలను చూపింది. 2025 సెప్టెంబరులో మొత్తం సంఖ్య 6,000 దాటింది.

వీటిలో అందరి దృష్టీ ఉన్నది 40 కాంతి సంవత్సరాల దూరంలోని ట్రాపిస్ట్-1 మీద. ఈ చిన్న ఎర్రని నక్షత్రానికి భూమి పరిమాణపు గ్రహాలు ఏడు ఉన్నవని 2017లో ప్రకటించారు. వాటిలో కనీసం మూడు నివాసయోగ్య మండలంలోనివే. పత్రికలు పండుగ చేసుకొన్నాయి. 2023లో వెబ్ దూరదర్శిని అన్నిటికన్న లోపలి గ్రహపు వేడిని కొలిచింది: పగటి వైపు సుమారు 230 డిగ్రీలు. దట్టమైన గాలి ఉంటే ఆ వేడి రాత్రి వైపుకు పంచుకొని పోయి, పగటి వైపు అంతకన్న చల్లగా ఉండేది. రెండవ గ్రహానికి కూడా దట్టమైన కార్బన్ డై ఆక్సైడ్ పొర లేదని అదే ఏడాది తేలింది. ఇవి రెండూ మండలానికి లోపలివి. మండలంలోని నాలుగవ గ్రహంపై 2025లో వెలువడిన తొలి ఫలితాలు గాలి ఉన్నదని గాని లేదని గాని తేల్చలేదు, పరిశీలనలు కొనసాగుతున్నవి.

ఇక పిల్లల ప్రశ్న. వాయేజర్-1 నౌక సెకనుకు సుమారు 17 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. ఆ వేగంతో ట్రాపిస్ట్-1 చేరడానికి సుమారు 7 లక్షల సంవత్సరాలు పడుతుంది.