గుత్తికోయలు: దేశం దాటలే, అయినా అడుగడుక్కీ లెక్క చెప్పాలె

వలస అంటే మన పోరగాళ్లకు దుబాయ్ యాదికొస్తది, లేకుంటే అమెరికా వీసా. పాస్‌పోర్టు లేని వలస ఒకటి మన భద్రాచలం అడవిల 20 ఏండ్ల సంది ఉన్నది. వాళ్లను మనం గుత్తికోయలంటం. వాళ్లయితే మురియా అనో, కోయితోర్ అనో చెప్పుకుంటరు. బస్తర్ నుంచి వచ్చిండ్రు. ఈ దేశపోళ్లే. రాజ్యాంగం 19వ అధికరణం ప్రకారం దేశంల ఎక్కడికైనా పోవచ్చు, ఎక్కడైనా ఉండొచ్చు. కాగితం మీద సంగతి గది.

ఎందుకొచ్చిండ్రంటే, 2005 జూన్‌ల బస్తర్‌ల సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టుల దిక్కు ఉన్నరని ఊర్లు తగలబెట్టిండ్రు, జనాన్ని రోడ్ల పక్క క్యాంపులకు తోలిండ్రు. క్యాంపుకు పోతే అడవోళ్లకు కోపం, పోకుంటే జుడుంకు కోపం. నడుమ ఇరుక్కున్నోళ్లు పిల్లలను, కోళ్లను చంకన పెట్టుకొని ఇటు నడిచిండ్రు. సుప్రీంకోర్టు 2011 జులై 5న జుడుం చెల్లదన్నది. అప్పటికే ఇక్కడ గూడేలు లేచినయి, పిల్లలు పుట్టిండ్రు. జుడుంకు ముందు రాకపోకలు లేవని గాదు. మిరపకాయ ఏరనీకి, చుట్టరికాల కోసం ఎప్పటి నుంచో వస్తనే ఉన్నరు.

ఇంక హద్దుల ముచ్చట. 2014ల రాష్ట్రం విడిపోయినంక పోలవరం ముంపు మండలాలు ఆంధ్రకు పోయినయి. భద్రాచలం టౌను మనకు మిగిలింది, పక్కనున్న ఎటపాక అటు పోయింది. చింతూరు ఆంధ్ర, దాని అవతల కుంట ఛత్తీస్‌గఢ్. పొద్దున బయలుదేరినోడు మాపటికి మూడు రాష్ట్రాల పోలీసులకు జవాబు చెప్పాల్సి రావొచ్చు. వాడు దాటేది అడవి, వాగు. లెక్కల మాత్రం అది సరిహద్దు.

చర్ల, దుమ్ముగూడెం సంతల నేను చూసింది చెప్తా. సంతకు ఒక్కలు రారు, గుంపుగా వస్తరు. ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్ల చుట్టి రొండిన పెట్టుకుంటరు. బియ్యం, మందుగోలీలు, టార్చిలైటు బ్యాటరీలు ఎక్కువ కొనరు. కొంటే ‘ఇవి ఎవరికి?’ అనే ప్రశ్న వస్తదని తెలుసు. మూట ఒక్కరి నెత్తిన పెట్టకుండా నలుగురు పంచుకుంటరు. ‘ఏ ఊరు?’ అని ఆపితే గూడెం పేరు చెప్పరు, మిరప చేను రైతు పేరు చెప్తరు. ఆ రైతు ఫోన్ల ‘మా కూలోళ్లే సార్’ అంటే పని అయిపోతది. అంటే ఈ దేశ పౌరునికి ఆసామి పూచీ కావాలె. కూలి తక్కువిచ్చినా ఆసామితోని ఎందుకు కొట్లాడరో ఇక్కడ అర్థమైతది. పోలీసులు వైద్య శిబిరాలు గూడ పెడతరు, దుప్పట్లు పంచుతరు. ఆ శిబిరాలల్ల జ్వరానికి గోలీ దొరుకుతది, అదీ నిజమే. తనిఖీ చేసే చెయ్యి, గోలీ ఇచ్చే చెయ్యి ఒక్కటే అయితే మనిషి ఏం అడుగుతడు?

కులం కాగితం దగ్గర అసలు ముడి. ఎస్టీ జాబితా రాష్ట్రానికొకటి. అక్కడి ఎస్టీ ఇక్కడికొస్తే ఆ హోదా వెంట రాదు. ఈ మాట 1990ల సుప్రీంకోర్టు మర్రి చంద్రశేఖరరావు కేసుల చెప్పింది. ఆయన తెనాలిల పుట్టి మహారాష్ట్రకు పోయిన కుటుంబపాయన. తెలుగోని కేసుల వచ్చిన తీర్పు ఈ రోజు బస్తర్ పిల్లకు అడ్డం పడుతుంది. మన జాబితాల ‘గుత్త కోయ’ అని రాసి ఉంది గానీ, వలసొచ్చినోళ్లకు అది పనికిరాదంటరు ఆఫీసుల్ల.

పోడు భూమికీ ఇదే లొల్లి. అటవీహక్కుల చట్టం గడువు 2005 డిసెంబర్ 13. ఎస్టీగా లెక్కలేకుంటే 75 ఏండ్లు అక్కడున్నట్టు రుజువు చూపాలె. ఎట్ల చూపుతరు? అదే చట్టంల 3(1)(ఎం) అని ఒకటుంది: ఆ తేదీకి ముందు పునరావాసం లేకుండా అక్రమంగా వెళ్లగొట్టబడ్డోళ్లకు బదులు భూమి హక్కు. జుడుం దెబ్బకు 2005 నవంబర్‌ల ఊరొదిలినోడు అడగొచ్చు, 2006 జనవరిల ఒదిలినోడు అడగరాదు. ఇల్లు కాలిన తారీఖుకు ఎవరైనా రసీదు రాయించుకుంటరా?

ఇక్కడి కోయలకు గూడ బాధ ఉన్నది, దాన్ని దాస్తే అబద్ధం. అడవి తరుగుతుంది, మా పోడే దిక్కులేదు, కొత్తోళ్లు నరుకుతుండ్రు అంటరు. 2022 నవంబర్ 22న చండ్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర ఫారెస్టు రేంజ్ అధికారి చలమల శ్రీనివాసరావును నరికి చంపిండ్రు. ఇద్దరు గుత్తికోయలకు 2023ల కోర్టు యావజ్జీవం వేసింది. ఆ శిక్ష న్యాయం. గానీ చంపిన ఇద్దరిని వదిలి గూడెం మొత్తాన్ని ఛత్తీస్‌గఢ్‌కు పంపాలని ఊరు తీర్మానం చేసింది. తప్పు చేసినోడు మన కులపోడైతే మన ఊరిని ఎవరన్న ఖాళీ చేయిస్తరా?

చదువుకున్న పోరగాళ్లు కొన్ని యాది పెట్టుకుంటే అక్కర్లకొస్తయి. పుట్టిన తేదీ కాగితం లేదని బడిల చేర్చుకోననొద్దు, 2009 విద్యాహక్కు చట్టం అది. ఒక దేశం ఒక రేషన్ కింద అక్కడి రేషన్ కార్డు మీద ఇక్కడి డీలర్ దగ్గర కేంద్రం బియ్యం తీసుకోవచ్చు. ఎవరినైనా అరెస్టు చేస్తే కారణం చెప్పాలె, ప్రయాణం కాలం పోను 24 గంటల్ల మేజిస్ట్రేటు ముందు పెట్టాలె. సాక్ష్యం కోసమని ఆడోళ్లను, 15 ఏండ్లలోపు పిల్లలను స్టేషన్‌కు పిలవొద్దు, వాళ్లున్న కాడికే పోయి అడగాలె. ఈ మాట గోండిల చెప్పేటోడు గూడేనికి ఒక్కడున్నా చాలు.

మిజోరం నుంచి 1997ల త్రిపురకు పారిపోయొచ్చిన బ్రూ గిరిజనుల సంగతి చూడుండ్రి. 2020 జనవరిల కేంద్రం, రెండు రాష్ట్రాలు ఒప్పందం రాసుకున్నయి. కుటుంబానికి ఇంటి జాగ, 4 లక్షల డిపాజిట్, రెండేండ్లు నెలకు 5 వేలు, రేషను, త్రిపురల్నే ఓటు. దానికి 23 ఏండ్లు పట్టింది. మన దగ్గర మూడు రాష్ట్రాలు ఒక్క బల్ల కాడ కూసొని అసొంటి కాగితం ఇంకా రాయలే.