నైజామును ‘ఓడా’ అన్న పాట

నిజామాబాద్ నుంచి సిరికొండ పోయే బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ‘బండెనక బండి కట్టి’ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చాలాకాలం అది గద్దర్ రాసిన పాటే అనుకున్నాను. ‘మా భూమి’ (1979) సినిమాలో ఆయన పాడటంతో ఊరూరికీ చేరిందిగానీ, పాట పుట్టింది తెలంగాణ సాయుధ పోరాటంలో. బండి యాదగిరి కట్టాడని చెబుతారు.

ఈమధ్య మళ్ళీ వింటుంటే ఒక సంగతి తట్టింది. ఆ పాటలో కోపం కన్నా ఎకసెక్కం ఎక్కువ. బ్రిటిష్ వాళ్ళు 1918లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కి ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ అనే బిరుదిచ్చారు. గడీ ముందు రైతు ‘నీ కాల్మొక్త బాంచెన్’ అనాలి. అలాంటి చోట పాట సర్కారు పేరు చివర ఒక ‘ఓడా’ తగిలించి, ఏ బండిలో వస్తున్నావని ఆరా తీసింది. వ్యాకరణంలో చిన్న మార్పే. కానీ దొరను ఏకవచనంలో పిలిచిన నోరు మళ్ళీ బాంచెన్ అనడం కష్టం కదా!

సుద్దాల హనుమంతు ఈ పనికి గొల్లసుద్దుల్ని వాడుకున్నాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర. ఒకడు అమాయకంగా అనుమానం అడుగుతాడు, ఇంకొకడు విప్పి చెబుతాడు. జనం నవ్వుతారు. ఒంటరిగా దేశ్‌ముఖ్‌కి భయపడే మనిషికి, పక్కవాడు కూడా నవ్వుతున్నాడని అక్కడే తెలుస్తుంది.

పోరాటానికి కేంద్రం నల్లగొండ, వరంగల్ జిల్లాలు. మా ఇందూరు వంతుకి వచ్చింది జైలు. దాశరథి ఇక్కడే బందీగా ఉండి నిజాం మీద పద్యాలు బొగ్గుతో గోడమీద రాశాడు. ఆ పద్యానిది ఉగ్రరూపం, ఛందస్సు తెలిసిన కోపం. గోడమీది అక్షరాన్ని సున్నం కొట్టి చెరపొచ్చు. గొల్లసుద్దులకి గోడే లేదు.

1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. పోరాటం మాత్రం ఆగలేదు. ఈసారి ఎదుట ఉన్నది భారత సైన్యం. 1951 అక్టోబర్‌లో గానీ విరమించలేదు. అంటే బండిలో మనిషి మారాక కూడా మూడేళ్ళు నడిచిందన్నమాట. పాటలో మాత్రం నైజాము పేరే నిలిచిపోయింది.

ఇప్పుడు ఆ పాట ఏ పార్టీ సభలోనైనా వినిపిస్తుంది. వేదిక మీది నాయకులే ముందుగా చప్పట్లు కొడతారు. నైజాము లేడు కాబట్టి ఎవరికీ గుచ్చుకోదు. అదే బాణీలో, అదే ‘ఓడా’తో, ఆ వేదిక మీదున్న పేరు ఒకటి పెట్టి పాడి చూడాలి. అప్పుడు ఎవరు నవ్వుతారో, మైకు ఎవరు లాక్కుంటారో తెలుస్తుంది.