కృష్ణ ఒడ్డు జంట ఊళ్లు

పాత మహబూబ్‌నగర్ జిల్లా తంగిడి దగ్గర కృష్ణ తెలంగాణలో అడుగు పెడుతుంది. అక్కడి నుంచి పాత నల్లగొండ జిల్లా మట్టపల్లి దాటేదాకా ఈ మెట్ట ప్రాంతానికి పెద్ద నీటి ఒడ్డు అదొక్కటే. గద్వాల, ఆలంపురం వైపు మాత్రం దక్షిణపు హద్దు తుంగభద్ర. రెండు నదుల మధ్య నేలను అక్కడివాళ్లు నడిగడ్డ అంటారు.

ఈ ఒడ్డున ఊళ్లు ఒక వరుసలో వెలియలేదు. సోమశిల దిగువన నది నల్లమలలోకి దూరి, నిటారైన గట్ల నడుమ లోతుగా పారుతుంది. ఆ మేర అంతా దున్నే నేల తక్కువ. అమ్రాబాద్ గుట్టల మీద పెంటలనే చెంచు గూడేలే తప్ప సేద్యపు ఊళ్లు అరుదు. అడవికి అటూ ఇటూ గట్టు వాలిన చోట, ఎండాకాలం నీరు పలచబడే చోట రేవు పడింది. రేవు పడిన చోట ఈ గట్టున ఒక ఊరు, ఆ గట్టున ఒక ఊరు లేచాయి. వాడపల్లికి ఎదురు పొందుగల, సోమశిలకు ఎదురు సిద్ధేశ్వరం, ఏలేశ్వరానికి ఎదుటి గట్టున నాగార్జునకొండ లోయ. ఈ నదీతీరపు చరిత్రను ఒక్కో ఊరుగా కాక ఇలా జంటలుగా చదివితేనే అర్థమవుతుంది.

వీటిలో పాత జంట ఏలేశ్వరం, నాగార్జునకొండ. క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల్లో కుడిగట్టు లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలిగింది. ఒక పక్క నది, మిగతా పక్కల కొండలు ఉన్న ఆ లోయలో బౌద్ధ విహారాలు, హిందూ దేవాలయాలు, రాతి మెట్ల స్నానఘట్టం బయటపడ్డాయి. సింహళ భిక్షువులకు అక్కడ వేరే విహారమే ఉండేది. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం కంటకసేల పేరు చెబుతుంది. కృష్ణ సముద్రంలో కలిసే చోటుకు దగ్గరి ఘంటసాలే ఆ కంటకసేల. అంటే ఈ లోయకూ బంగాళాఖాతానికీ రాకపోకలు ఉండేవన్నమాట. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో వెయ్యికి పైగా రోమన్ వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. సముద్రం మీదుగా వచ్చిన సొమ్ము ఈ మెట్టల్లోకి ఎంత లోపలికి చేరిందో ఆ రాశి చెబుతుంది. ఎడమగట్టున ఏలేశ్వరం విజయపురి కంటే ముందే మనుషులున్న చోటు. అక్కడి తవ్వకాల్లో రాకాసి గుళ్లనే పెద్ద రాతి సమాధులు కూడా కనిపించాయి. ఇక్ష్వాకుల తర్వాత విజయపురి పాడుబడింది. ఏలేశ్వరం మాత్రం శైవక్షేత్రంగా నిలిచింది.

ఆ నిలకడకు శ్రీశైలం కారణం. శ్రీశైలానికి నాలుగు ప్రధాన ద్వారాలు, నాలుగు ఉపద్వారాలు చెబుతారు. ప్రధాన ద్వారాల్లో ఆలంపురం, ఉమామహేశ్వరం పాలమూరులోనే, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉన్నాయి. ఉపద్వారాల్లో ఏలేశ్వరం, సోమశిల ఈ గట్టువే. యాత్రికులు ఏటా రేవు దాటాలి, దాటేముందు ఎక్కడో దిగాలి. సత్రం, గుడి, పడవ నడిపేవాళ్లు, పూటకూళ్లు, అంగడి ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. సేద్యం ఒక్కటే పోషించలేని ఊళ్లను యాత్ర పోషించింది. తుంగభద్ర ఎడమగట్టున ఆలంపురంలో బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో నవబ్రహ్మ ఆలయాలు కట్టించారు. మూసీ కృష్ణలో కలిసే వాడపల్లిలో అగస్త్యేశ్వరుడు, నరసింహుడు వెలిశారు. రేవుకు కాపలాగా కోట కూడా వచ్చింది. నడిగడ్డలో గద్వాల, సోమశిల పక్కన జటప్రోలు సంస్థానాలు నదిని ఆనుకునే పెరిగాయి. జటప్రోలు ప్రభువులు 19వ శతాబ్దంలో రాజధానిని కొల్లాపూర్‌కు మార్చుకున్నా, పాత ఊరి గుళ్లకు ఆదరణ తగ్గలేదు.

జంట ఊళ్ల మధ్య మొదటి గోడ రాజకీయాలు కట్టాయి. 18వ శతాబ్దం చివర గుంటూరు సర్కారు, 1800లో దత్తమండలం నిజాం చేతి నుంచి ఇంగ్లీషు కంపెనీకి పోయాయి. దాంతో కృష్ణ, తుంగభద్ర రెండు ప్రభుత్వాల సరిహద్దులయ్యాయి. ఈ గట్టున నిజాం హాలీ సిక్కా, ఆ గట్టున ఇంగ్లీషువాళ్ల కల్దారు రూపాయి. సరుకు రేవు దాటితే నిజాం కరోడ్‌గిరీ సుంకం. ఈ గట్టున కచేరీ భాష ఉర్దూ, ఆ గట్టున ఇంగ్లీషు. బంధుత్వాలు మాత్రం సుంకం అడగలేదు, నీటి మీదుగా సాగుతూనే వచ్చాయి. 1947-48లో రజాకార్ల కాలాన హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ వాళ్లు సరిహద్దు శిబిరాలను యూనియన్ వైపు గట్టునే పెట్టుకున్నారు. 1956 నవంబరు 1న రెండు గట్లూ ఒక రాష్ట్రం కిందికి వచ్చాయి. అదే రోజు గద్వాల, ఆలంపురం తాలూకాలు రాయచూరు నుంచి మహబూబ్‌నగర్ జిల్లాకు మారాయి. 2014 జూన్ 2న గట్లు మళ్లీ రెండు రాష్ట్రాలయ్యాయి.

రాజకీయాలు గోడ కడితే, ఆనకట్టలు ఊళ్లనే తీసేశాయి. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. అప్పటికే 1954లో నాగార్జునకొండ లోయలో భారీ తవ్వకాలు మొదలయ్యాయి. నీళ్లు వచ్చేలోగా దొరికినంత దక్కించుకోవాలని ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ 1960 దాకా తవ్వింది. ఎడమగట్టున అబ్దుల్ వహీద్ ఖాన్ ఏలేశ్వరం తవ్వించారు. ముఖ్యమైన కట్టడాలను విప్పి కొన్నింటిని కొండమీద, కొన్నింటిని అనుపు అనే చోట మళ్లీ పేర్చారు. ఇక్ష్వాకుల స్నానఘట్టం మెట్లు కూడా అలాగే కొండెక్కాయి. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఏలేశ్వరం ఊరు మునిగింది. గుట్టమీది మల్లికార్జునుడి గుడి మాత్రం నీటి నడుమ లంకగా మిగిలింది. భక్తులు ఏలేశ్వరం గట్టుకు ఇప్పటికీ పడవల్లోనే పోతారు.

శ్రీశైలం జలాశయం దెబ్బ ఇంకా పెద్దది. పాలమూరు, కర్నూలు జిల్లాల్లో కలిపి వందకు పైగా ఊళ్లు, సుమారు లక్ష మంది ముంపు బారిన పడ్డారు. మునిగింది ఏటి ఒడ్డు మాగాణి, పాలమూరు వంటి కరువు జిల్లాలో దానికి సాటివచ్చే నేల మరొకటి లేదు. 1894 నాటి భూసేకరణ చట్టం కింద లెక్కగట్టిన పరిహారం అలాంటి నేలను ఇంకోచోట కొనిపెట్టలేకపోయింది. కదలని ఊళ్లను ఖాళీ చేయించడానికి 1981 జూన్‌లో ప్రభుత్వం ఇళ్లను కూలగొట్టించింది. దానికి పెట్టిన పేరే ‘ఆపరేషన్ డిమాలిషన్’.

అదే కాలంలో గుళ్లకు జరిగిన సేవ వేరు. కృష్ణా తుంగభద్రల కలయిక దగ్గరి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురానికి తెచ్చి నిలబెట్టారు. పాపనాశి గుళ్ల గుంపునూ అలాగే తరలించారు. జటప్రోలు మదనగోపాలస్వామి, మంచాలకట్ట మాధవస్వామి, సోమశిల సోమేశ్వరుడు ఎత్తు నేలకు చేరారు. ఆలంపురం చుట్టూ కరకట్ట పోశారు. ఆ పనిలో చూపిన నేర్పు, ఓపిక మెచ్చుకోదగినవే. మనుషుల విషయంలో అందులో సగం ఓపిక కూడా కనబడదు. ముంపు కుటుంబానికి ఒకరికి ఉద్యోగం ఇవ్వాలన్న 98వ నంబరు జీవో 1986లో గాని రాలేదు. ఆ ఉద్యోగాల కోసం అర్జీలు పెట్టుకున్నవాళ్లు దశాబ్దాల తరబడి కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ కచేరీల చుట్టూ తిరిగారు.

నీళ్లు నిలిచాక ఒడ్డు స్వరూపమే మారింది. నది ఒడ్డు చెరువు ఒడ్డయింది. వాగుల నోళ్లలోకి నీరు ఎగదన్ని, గుట్టల మధ్య చిన్న చిన్న అఖాతాల్లా పరుచుకుంది. ఆ కొత్త ఒడ్డుకు కొత్త ఇరుగుపొరుగు వచ్చింది. దేవరకొండ వైపు గుట్టల్లో లంబాడీ తండాలు ముందునుంచీ ఉన్నాయి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన సంచార వర్తకుల వారసులు వాళ్లు. వాళ్ల పక్కనే, నేరేడుగొమ్ము మండలంలో, సాగర్ నీటి అంచున బంగాళాఖాతం తీరపు మత్స్యకారులు గుడిసెలు వేసుకున్నారు. విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్లు గనుక ఆ వాడ వైజాగ్ కాలనీ అయింది. సముద్రపు వేట తెలిసినవాళ్లకు లోతు నీరు కొత్త కాదు. చేపలు పట్టడం, ఎండబెట్టడం, సంతలకు పంపడం వాళ్ల బతుకైంది. సెలవు రోజుల్లో వేయించిన చేపల కోసం హైదరాబాదు నుంచి జనం వస్తుండడంతో ఆ వాడ పేరు దూరాలకు పాకింది.

ఈ గట్టు పాత సాధనం పుట్టి. వెదురు దబ్బలతో గుండ్రంగా బుట్టలా అల్లి, వెనకటికి తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా తొడిగి, కారకుండా డాంబరు పూస్తారు. దానికి ముందూ వెనకా ఉండదు. ఒక్క తెడ్డుతో అటొకటి ఇటొకటి వేయకపోతే నిలిచినచోటే గిరగిర తిరుగుతుంది. ఒడ్డుకు వచ్చాక ఒక మనిషి దాన్ని బోర్లించి నెత్తిన పెట్టుకుని ఇంటికి నడిచిపోగలడు. ముదిరాజులు, గంగపుత్రులు, బోయలు ఈ పుట్టితోనే వేటాడేవారు. వలస వచ్చినవాళ్లు పొడవాటి అలివి వలలు తెచ్చారు. ఒడ్డు పొడవునా చుట్టి లాగే ఆ వల చేప పిల్లలనూ వదలదు. అందుకే కొల్లాపూర్ వైపు శ్రీశైలం నీళ్లలో ఆ వలల మీద స్థానిక మత్స్యకారులు చాలాసార్లు తగాదాకు దిగారు. స్థానికుల ఫిర్యాదు న్యాయమైనదే. పిల్లచేప పోతే మరుసటేడు ఎవరి వలకూ చేప ఉండదు. వలసవాళ్లందరినీ ఒకే గాటన కట్టడం మాత్రం న్యాయం కాదు. వాళ్లలో చాలామంది పిల్లలకు ఈ ఒడ్డే పుట్టిన ఊరు.

జంట ఊళ్ల సంబంధం మాత్రం పూర్తిగా తెగలేదు. వెడల్పైన నీటి మీద సోమశిల నుంచి ఎదుటి గట్టుకు పడవలు నడుస్తూనే వచ్చాయి, ప్రమాదమని తెలిసీ. 2007 జనవరిలో ఈ జలాశయంలోనే పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. రోడ్డు మీద పోవాలంటే బీచుపల్లి వంతెన మీదుగా కర్నూలు చుట్టి రావాలి. అందుకే సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెన కట్టాలని రెండు గట్లవాళ్లూ ఏళ్ల తరబడి అడిగారు. కల్వకుర్తి నుంచి నంద్యాలకు వెళ్లే జాతీయ రహదారిలో భాగంగా ఆ వంతెనకు కేంద్ర ప్రభుత్వం 2022లో ఆమోదం తెలిపింది.