1,024 అరల బీరువా: వేలిముద్రల కార్యాలయం పుట్టుపూర్వోత్తరాలు

నేర పరిశోధన అనగానే తుపాకీ పట్టిన ఇన్‌స్పెక్టరో, ప్రయోగశాలలో గాజు నాళికల మధ్య నిలబడిన రసాయన శాస్త్రవేత్తో కళ్ల ముందు మెదలడం పరిపాటి. అయితే ఈ రెండు కొలువులకూ నడుమ మూడో కొలువు ఒకటి నూట పాతికేళ్లకు పైగా నడుస్తున్నది. దొంగ వెంట పరుగెత్తవలసిన అగత్యం గాని, ఆమ్లక్షారాల పరీక్షలతో నిమిత్తం గాని లేకుండా, బల్ల ముందు కూర్చుని భూతద్దంతో కాగితాలు చూస్తూనే నేరస్థుణ్ణి పట్టిచ్చే ఆ కొలువు వేలిముద్రల పరీక్షకునిది. దాని పుట్టిల్లు లండన్‌లోని స్కాట్లండ్ యార్డ్ అన్న అభిప్రాయం బలంగా పాతుకుపోయింది గాని, అది 1897లో కలకత్తాలో, బెంగాల్ ప్రభుత్వ కచేరీలు కొలువైన రైటర్స్ బిల్డింగ్స్‌లో ప్రాణం పోసుకుని, నాలుగేళ్ల తరువాతనే లండన్ చేరింది.

పందొమ్మిదో శతాబ్దపు పోలీసులను వేధించిన చిక్కు నేరం ఎలా జరిగిందన్నది కాదు, పట్టుబడినవాడు ఎవరన్నది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 75వ సెక్షన్ ప్రకారం, నాణేల నేరాలకో ఆస్తి నేరాలకో ఒకసారి శిక్ష అనుభవించినవాడు మళ్లీ అటువంటి నేరమే చేస్తే మరింత కఠినమైన శిక్షకు పాత్రుడయ్యేవాడు. కాని పాత ముద్దాయి పొరుగు జిల్లాకు పోయి పేరు, తండ్రి పేరు, కులం, ఊరు మార్చి చెబితే, జైలు వార్డరు జ్ఞాపకశక్తి తప్ప అతని పాత శిక్షను రుజువు చేసే సాధనం ఉండేది కాదు. పారిస్ పోలీసు శాఖలో గుమాస్తాగా పనిచేసిన ఆల్ఫోన్స్ బెర్టియాఁ దీనికి దేహమానాన్ని, అంటే తల పొడవు, నడివేలి పొడవు, పాదం పొడవు వంటి ఎముకల కొలతలను నమోదు చేసి వాటి ద్వారా మనిషిని గుర్తుపట్టే పద్ధతిని, 1880ల తొలి సంవత్సరాలలో ప్రవేశపెట్టాడు. 1891లో బెంగాల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయిన ఎడ్వర్డ్ హెన్రీ దానినే తెచ్చి తన జైళ్లలో అమలు చేయించాడు. ఆ పద్ధతిలోని లోపం కొలిచే చేతిలో ఉంది. ఒకే మనిషిని ఇద్దరు కొలిస్తే రెండు రకాల అంకెలు వచ్చేవి, పరికరాలు ఖరీదైనవి, పని నేర్పడానికి చాలా కాలం పట్టేది. ఇన్ని తిప్పలు పడి రాసిన అంకెలు కచేరీకి చేరాక సరిచూసుకునే వీలే ఉండేది కాదు.

వేలిముద్ర అప్పటికే బెంగాల్ కచేరీలకు పరిచయమై ఉంది గాని, అది వచ్చిన దారి నేరాలది కాదు, దస్తావేజులది. ముర్షిదాబాద్ జిల్లా జంగీపూర్‌లో పనిచేస్తున్న విలియం హెర్షెల్ అనే యువ అధికారి 1858 జులైలో, రోడ్డు వేయడానికి కంకర సరఫరా చేసే ఒప్పందం కుదుర్చుకుంటూ, రాజ్యధర్ కోనాయ్ అనే గుత్తేదారు తరువాత సంతకం తనది కాదని బుకాయించకుండా, కచేరీ ముద్రకు వాడే సిరాను అతని అరచేతికి పూసి ఒప్పందపత్రం వెనుక అద్దించాడు. అది అప్పటికి బెదిరింపు కోసం చేసిన పనే. అయితే ఆ తరువాత దాదాపు ఇరవై ఏళ్లపాటు హెర్షెల్ స్నేహితుల వేళ్లనూ తన వేళ్లనూ పదే పదే అద్దించి చూసి, ఏళ్లు గడిచినా గీతలు మారవని తేల్చుకున్నాడు. 1877లో హుగ్లీ జిల్లాలో, చనిపోయినవారి పేరిట బంధువులు పింఛను తీసుకుంటున్న మోసాన్ని అరికట్టడానికీ, రిజిస్ట్రేషన్ దస్తావేజులకూ, ఖైదీల గుర్తింపుకూ వేలిముద్రలు వాడించి, రాష్ట్రమంతటా ఇదే చేయాలని పైఅధికారికి లేఖ రాశాడు. ఆ లేఖను పట్టించుకున్నవారు లేరు. నేటికీ తెలుగు నాట సబ్‌రిజిస్ట్రారు కచేరీలో ఆస్తి రాసిచ్చేవారి చేత, వారు ఎంత చదువుకున్నవారైనా, వేలిముద్ర వేయించడం ఆ దస్తావేజుల సంప్రదాయపు కొనసాగింపే.

ముద్ర మారదనీ, ఒకరిది మరొకరితో కలవదనీ తెలిసినంత మాత్రాన పోలీసులకు ఒరిగేదేమీ లేదు. 1892లో ఫ్రాన్సిస్ గాల్టన్ వేలిముద్రలపై గ్రంథం వెలువరిస్తూ, రెండు ముద్రలు అచ్చంగా ఒకటయ్యే అవకాశం 6,400 కోట్లలో ఒక్కటని లెక్కగట్టాడు. ఆ లెక్క ఎంత ఘనమైనదైనా, కచేరీలో లక్ష కాగితాలు పోగుపడితే కొత్తగా వచ్చిన ముద్రను ఏ కాగితంతో పోల్చాలో అది చెప్పదు. అసలు సమస్య వర్గీకరణది, అంటే పేరు తెలియకుండానే, ముద్రను బట్టే కాగితాన్ని ఒక అరలో పెట్టి మళ్లీ ఆ అరలోనుంచే తీయగలగడం. దానిని సాధించింది హెన్రీ కచేరీలోని ఇద్దరు బెంగాలీ ఉద్యోగులు: కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో గణితం చదివి సబ్-ఇన్‌స్పెక్టరుగా చేరిన ఖాజీ అజీజుల్ హక్, అతని సహోద్యోగి హేమచంద్ర బోస్.

వారి పద్ధతిని కొంచెం దగ్గరగా చూడడం అవసరం, ఎందుకంటే ఈ వృత్తిలో శాస్త్రమెంత, గుమాస్తాతనమెంత అన్నది అక్కడే తేలుతుంది. వేలి కొసన ఉండే గీతలు ముఖ్యంగా మూడు తీరుల్లో నడుస్తాయి: ఒక పక్కనుంచి వచ్చి వంపు తిరిగి ఆ పక్కకే పోయే ఉచ్చు, గుండ్రంగా చుట్టుకునే సుడి, ఒక పక్కనుంచి మరో పక్కకు మెల్లగా లేచి దిగే విల్లు. తెలుగు ఇళ్లలో సాముద్రికం పేరిట పిల్లల వేళ్లు పట్టుకుని ఎన్ని శంఖాలు, ఎన్ని చక్రాలు అని లెక్కబెట్టే పెద్దలు ఈ తేడాను ఎప్పటినుంచో గుర్తిస్తూనే ఉన్నారు. వారు దానితో అదృష్టాన్ని లెక్కగడితే కలకత్తా ఉద్యోగులు చిరునామాను లెక్కగట్టారు. విల్లును ఉచ్చులలోనే కలిపి, కుడి బొటనవేలితో మొదలుపెట్టి పది వేళ్లను అయిదు జతలుగా విడగొట్టి, మొదటి జతలో సుడి ఉంటే 16, రెండో జతలో 8, తరువాత వరుసగా 4, 2, 1 అని విలువ కట్టారు. సుడి లేని వేలికి సున్న. ప్రతి జతలో రెండో వేలి విలువలను కూడి ఒకటి కలిపితే భిన్నంలోని పై అంకె, మొదటి వేలి విలువలను కూడి ఒకటి కలిపితే కింది అంకె వస్తుంది. ఉదాహరణకు కుడి బొటనవేలికీ, కుడి ఉంగరపు వేలికీ మాత్రమే సుడులున్న మనిషి భిన్నం 9/17. పై అంకె 1 నుంచి 32 వరకు, కింది అంకె 1 నుంచి 32 వరకు ఉండగలదు కనుక మొత్తం 1,024 భిన్నాలు ఏర్పడతాయి. పై అంకెకు ఒక వరుస, ఆ వరుసలో కింది అంకెకు ఒక అర చొప్పున 1,024 అరల బీరువా చేయిస్తే, ఎవరి కాగితమైనా ఏ అరలో ఉండాలో దాని మీది ముద్రలే చెబుతాయి. ఒకే అరలో కాగితాలు పోగుపడితే వాటిని ఉచ్చులోని గీతల లెక్కనుబట్టి మళ్లీ విడగొట్టేవారు.

ఇందులో కూడికకు మించిన లెక్క లేదు. కావలసినవల్లా మంచి చూపు, ఓపిక, తొందరపడని బుద్ధి. రేకు పలక మీద అచ్చు సిరాను పలచగా పరిచి, ఖైదీ వేళ్లను ఒక్కొక్కటిగా గోటి అంచునుంచి అంచుదాకా దొర్లించి కాగితం మీద అద్దే పని జైలులోనో ఠాణాలోనో జరిగేది. అద్దేటప్పుడు వేళ్ల వరుస తారుమారైతే భిన్నమంతా తప్పవుతుంది కనుక, కింద నాలుగు వేళ్లనూ ఒక్కసారిగా మరోమారు అద్దించి వరుసను సరిచూసేవారు. బీరువా ముందున్న గుమాస్తా నేరస్థుని ముఖం ఎన్నడూ చూడనక్కరలేదు. 1897 మార్చిలో సర్వేయర్ జనరల్ స్ట్రాహన్, రసాయన శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ పెడ్లర్ సభ్యులుగా ఏర్పడిన సంఘం దేహమానం, వేలిముద్రలు అనే రెండు పద్ధతులనూ పరీక్షించి, తేలికలోను, ఖర్చులోను, ఖచ్చితత్వంలోను వేలిముద్రలే మేలని నివేదించగా, జూన్ 12న గవర్నర్ జనరల్ ప్రభుత్వం దానిని ఆమోదించింది.

ఆ ఏడాదే కొత్త కచేరీకి పరీక్ష ఎదురైంది. జల్పాయ్‌గురి జిల్లాలోని ఒక తేయాకు తోట మేనేజరు గొంతు కోయబడి మంచం మీద చనిపోయి ఉండగా, పెట్టెలోని డబ్బు పోయింది. వంటవాడు, కూలీలు, ఆ చుట్టుపక్కల తిరిగిన కాబూలీలు, ఇలా అనుమానానికి కొదువ లేదు. దోచిన పెట్టెలోని కాగితాల నడుమ దొరికిన నీలిరంగు అట్ట బెంగాలీ పంచాంగం మీద రెండు గోధుమరంగు మరకలు కనబడ్డాయి. వాటిలో ఒకటి, మేనేజరు ఫిర్యాదు మీద గతంలో దొంగతనానికి శిక్షపడిన పాత నౌకరు కంగాళీ చరణ్ కుడి బొటనవేలి ముద్రతో సరిపోయింది. శిక్ష పడినప్పుడు తీసిన కాగితం కచేరీలో భద్రంగా ఉన్నందువల్లనే పోలిక సాధ్యపడింది. ఆ మరక రక్తమని తేల్చడానికి మాత్రం రసాయన పరీక్షకుడు కావలసి వచ్చాడు. 1898లో న్యాయస్థానం అతణ్ణి దొంగతనానికి శిక్షించి, హత్య నేరం నుంచి విడిచిపెట్టింది: ముద్ర అతడు పెట్టెను తాకాడని చెబుతుంది, కత్తి పట్టాడని చెప్పదు. తరువాతి కాలంలో వేలిముద్రను తిరుగులేని సాక్ష్యంగా కీర్తించినవారు ఈ తొలి తీర్పులోని జాగ్రత్తను గమనించినట్లు లేదు. 1899లో సాక్ష్యాధార చట్టాన్ని సవరించి, విదేశ చట్టం, శాస్త్రం, చేతివ్రాత వంటి విషయాలతో పాటు వేలిముద్రలపై కూడా నిపుణుల అభిప్రాయం చెల్లుతుందని చేర్చడంతో, బీరువా ముందు కూర్చున్న ఉద్యోగికి బోనెక్కి సాక్ష్యం చెప్పే హోదా వచ్చింది.

హెన్రీ 1901లో లండన్ వెళ్లి స్కాట్లండ్ యార్డ్‌లో ఇదే కార్యాలయాన్ని నెలకొల్పి, రెండేళ్లకు అక్కడి పోలీసు కమిషనరయ్యాడు. ఇక్కడ మాత్రం 1905లో సిమ్లాలో ఏర్పడిన కేంద్ర కార్యాలయాన్ని పొదుపు పేరిట 1922లో మూసివేశారు. అది మళ్లీ తెరుచుకున్నది స్వాతంత్ర్యానంతరం, 1955లో.

బల్ల ముందు నడిచే పని ప్రమాదం లేనిది, నిజమే, కాని ఆ భద్రత గుమాస్తాకే గాని కాగితానికి అవతల ఉన్న మనిషికి కాదు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాజధానికీ వర్తించినప్పుడు, నమోదైన కులాలలోని వ్యక్తి ఏ నేరమూ చేయకపోయినా అతని వేలిముద్రలు తీయించే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు దక్కింది. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో వెలసిన స్టువర్టుపురంలోను, కావలిలోను ఎరుకల కుటుంబాలను కాపలా నడుమ ఉంచిన సెటిల్మెంట్లు ఆ చట్టం ఫలితాలే. హాజరు పట్టీలో పేరు ఎక్కడమే నేరంగా మారిన ఆ రోజులలో పుట్టుకే పాత శిక్షగా లెక్కకు వచ్చింది. ఆ చట్టం రద్దయింది 1952లో. వేలిముద్రల చరిత్ర రాసినవారు పంచాంగం మీది మరకను మరవలేదు, సెటిల్మెంట్లను మాత్రం తరచుగా మరిచారు.

నేటి తెలుగు పత్రికలలో దొంగతనం వార్త చివర క్లూస్ టీం, డాగ్ స్క్వాడ్ వచ్చి ఆధారాలు సేకరించాయన్న వాక్యం మామూలైపోయింది. ఆ క్లూస్ టీం బీరువా తలుపు మీద పొడి చల్లి ఎత్తిన ముద్రను రెండు తెలుగు రాష్ట్రాలలోని సి.ఐ.డి. వేలిముద్రల కార్యాలయాలు కంప్యూటరులో వెతుకుతాయి. 2022లో మొదలైన జాతీయ వ్యవస్థ అరెస్టయిన ప్రతి వ్యక్తికీ పది అంకెల సంఖ్య కేటాయిస్తున్నది. కొయ్య అరలు కనుమరుగైనా యంత్రం ఇచ్చేది పోలిక ఉన్నవారి జాబితా మాత్రమే, ఇదే ఆ మనిషి అని నిర్ణయించేది భూతద్దం వెనుక ఉన్న కన్నే. ఆ కన్ను పొరబడగలదు. 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ల కేసులో యంత్రం చూపిన జాబితాలోనుంచి అమెరికా నిపుణులు ఒరెగాన్‌కు చెందిన ఒక న్యాయవాదిని ఎంచి నిర్బంధించగా, ఆ ముద్ర వేరొకరిదని స్పెయిన్ పోలీసులు తేల్చారు. అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పి 20 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది.

ఇక పేరు సంగతి. 1900లో హెన్రీ ప్రచురించిన గ్రంథంతో ఈ వర్గీకరణ ప్రపంచమంతటా హెన్రీ పద్ధతిగా స్థిరపడింది. పదవీ విరమణకు దగ్గరైన కాలంలో హక్ ప్రభుత్వానికి విన్నవించుకోగా, తన సిబ్బందిలో ఆ పద్ధతికి మెరుగులు దిద్దడంలో అందరికంటే ఎక్కువ పాటుపడినవాడు అతడేనని 1926లో హెన్రీ స్వయంగా రాసి ఇచ్చాడు. హక్‌కు ఖాన్ బహదూర్ బిరుదు, 5,000 రూపాయలు దక్కాయి; ముద్రల వివరాన్ని తంతి ద్వారా పంపే సంకేతాలను కూడా రూపొందించిన బోస్‌కు రాయ్ బహదూర్ బిరుదు దక్కింది. బిరుదులు వారితోనే పోయాయి, పాఠ్యగ్రంథాలలో హెన్రీ పేరు మిగిలింది. తెలుగులో ఇకమీదట రాయబోయే పోలీసు పాఠ్యపుస్తకాలలోనైనా దానిని హెన్రీ–హక్–బోస్ పద్ధతి అని రాయడం న్యాయం.