నీట్‌లో అర్హత వస్తే చాలదు: ఉద్దానం దళిత విద్యార్థులకు ఎంబీబీఎస్ దరఖాస్తు వివరాలు

కిడ్నీ జబ్బుతో ఏళ్ల తరబడి మనుషుల్ని పోగొట్టుకుంటున్న ఉద్దానానికి 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చింది. అందులో డాక్టర్లుగా మన వాడల పిల్లలూ ఉండాలి. అమెరికాలోలా ముందు డిగ్రీ చదవనక్కర్లేదు. ఇంటర్ బైపీసీ తర్వాత నేరుగా ఎంబీబీఎస్‌లో చేరవచ్చు. చదువు నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది.

ప్రవేశానికి నీట్ తప్పనిసరి. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. అర్హతకు జనరల్ అభ్యర్థులకు 50 పర్సంటైల్, ఎస్సీలకు 40 కావాలి. అయితే అర్హత వస్తే సీటు వచ్చినట్టు కాదు. ఫలితాల తర్వాత రెండు చోట్ల విడివిడిగా దరఖాస్తు చేయాలి. ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం అఖిల భారత కోటా సీట్లకు మెడికల్ కౌన్సెలింగ్ కమిటీకి, మిగిలిన రాష్ట్ర కోటా సీట్లకు విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి.

2025లో రాష్ట్రం ఎస్సీల 15 శాతం రిజర్వేషన్‌ను వర్గీకరించింది: రెల్లి గ్రూపుకు 1, మాదిగ గ్రూపుకు 6.5, మాల గ్రూపుకు 7.5 శాతం. అందుకే కుల ధ్రువపత్రంలో ఉపకులం పేరు స్పష్టంగా ఉండాలి. అఖిల భారత కోటాకు కేంద్ర నమూనాలో మరో పత్రం తీసుకోవాలి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు స్థానికతకు ఆధారం. తల్లిదండ్రుల వలసతో బడులు మారిన పిల్లలు వీటిని ముందే తెచ్చుకోవాలి.

దరఖాస్తు గడువు కొద్ది రోజులే. ఫలితాలకు ముందే సంఘాలు ఊళ్లలో ఈ పత్రాలు సిద్ధం చేయిస్తే, ర్యాంకు తెచ్చుకున్న బిడ్డ కాగితం లేక ఆగిపోదు.