కూలి వేరు, కృప వేరు: ఒంగోలు కాలువ చెప్పే పాఠం

మేము తమిళంలో చదువుకున్నవాళ్లం. తెలుగు ఇంట్లోనూ ప్రార్థనలోనూ నేర్చుకున్నదే. తప్పులుంటే మన్నించండి.

చింతామణిలో ఉండే మా మనవడికి ఈసారి నీట్‌లో మార్కులు చాలలేదు. సంవత్సరమంతా వాడు తెల్లవారి నాలుగింటికే లేచాడు. ఫోన్‌లో వీడియోలు చూసి నిద్రకు, తిండికి, చదువుకు, చివరికి ప్రార్థనకు కూడా రోజూ లెక్క రాసుకున్నాడు. గీతల పుస్తకం కొనిచ్చింది మేమే. ఇప్పుడు వాడు, "ఒక్కరోజూ తప్పకుండా ప్రార్థించాను కదా తాతా, దేవుడు సీటు ఎందుకివ్వలేదు?" అంటున్నాడు. కూడికకు రావడం మానేశాడు. అందుకే ఈ చరిత్ర రాస్తున్నాం.

అమెరికా నుంచి 1836లో వచ్చిన శామ్యూల్ డే దొర 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టాడు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు కొద్దిమందే. ఖర్చుకు తగ్గ ఫలం లేదు, మూసేద్దామా అని 1853లో అక్కడి మిషన్ పెద్దలు చర్చించారు. మా రైల్వే భాషలో చెప్పాలంటే, రాబడి లేని స్టేషన్. అయినా మూయలేదు. 1854 జనవరి 1న జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికొక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు! ఏ నెల రిపోర్టులో ఆ ప్రార్థనను 'పాస్' అని రాసేవాళ్లు?

తర్వాత 1876–78 కరువు వచ్చింది. ధాత, ఈశ్వర సంవత్సరాల కరువని మన పెద్దలు చెప్పేది అదే. తమిళంలో 'దాదు వరుష పంజం' అంటారు. మైసూరు రాజ్యంలో సుమారు ఐదో వంతు జనం పోయారు. 2007 దాకా మన చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి అన్నీ కోలారు జిల్లా కిందివే. ఆ దెబ్బ మన ఊళ్లకూ తగిలింది.

అప్పుడు ఒంగోలు వైపు సర్కారు బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. సర్వే పని తెలిసిన క్లౌ దొర మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. ఎంతోమంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం చేరినట్టు కాకూడదని, కరువు సాయం నడిచినంత కాలం ఆపేశాడు. సాయం ఆగిపోయాక, ఇక చేతికి వచ్చేదేమీ లేదని తెలిసి కూడా జనం వచ్చారు. ఎక్కువమంది మాదిగలు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

మనవాళ్లు ఈ అంకెనే గొప్పగా చెప్పుకుంటారు. మేమూ ఇన్నాళ్లు అంతే. ఇప్పుడు మాకు గొప్పగా కనిపించేది అంతకు ముందు ఆయన ఆపుకున్న చెయ్యి. ఫలం లేదని మాట పడ్డ మిషన్ అది. రిపోర్టు నింపుకోవడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. అయినా నింపలేదు.

కూలి అనే మాట తమిళంలోనూ తెలుగులోనూ ఒకటే. తవ్వింది కొలిచి ఇవ్వాలి, బాకీ పెట్టకూడదు. కృపకు కొలత లేదు. దొర ఆ రెండూ కలపలేదు.

కష్టపడవద్దని మేము చెప్పడం లేదు. సర్వే నేర్వకపోతే ఆయన కాలువ తవ్వించగలిగేవాడా? చదవాలి, పెందలాడే లేవాలి. కానీ ప్రార్థనను కూడా మస్టర్ రోల్‌లో ఎక్కిస్తే, దేవుడు కూలి ఎగ్గొట్టిన మేస్త్రీలా కనిపిస్తాడు. పిల్లవాడికి వాడే పనికిరానివాడిలా కనిపిస్తాడు. ఆ రెండోదే మాకు ఎక్కువ భయం.

నిన్న వాడికి ఈ కథ చెప్పాం. "కొండ దిగాక ఆ ఐదుగురూ ఏం చేశారు తాతా?" అని అడిగాడు. "వాళ్ల పని వాళ్లు చేసుకున్నారురా" అన్నాం. పుస్తకంలో ప్రార్థన అని రాసిన గడిని మా చేత్తోనే కొట్టేశాం.

వచ్చే ఆదివారం వాడు వస్తాడో రాడో తెలియదు. వస్తే మాత్రం, దయచేసి ఎవరూ మార్కులు అడగకండి.